రాజమండ్రి నుంచి పుదుచ్చేరి బైక్ మీద, మధ్యలో కోవళంలో సర్ఫింగ్: ఏ నెలలో వెళ్ళాలి, ఎన్ని రోజులు ఆగాలి?

గోదారోడు_350

అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బైక్ ఉంది, స్పోక్ వీల్స్, ట్యూబ్ టైర్లు. నేనూ మా తమ్ముడూ కలిసి పుదుచ్చేరి దాకా వెళ్ళి రావాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నాం, ఇన్నాళ్ళకి ఇద్దరికీ ఒకేసారి వారం సెలవు దొరికేలా ఉంది. దారిలో చెన్నై దాటాక కోవళంలో ఆగి సర్ఫింగ్ నేర్చుకోవాలని తమ్ముడి పట్టు. కేరళ కోవళం కాదు, ఈసీఆర్ (చెన్నై నుంచి పుదుచ్చేరి వెళ్ళే తీరం రోడ్డు) మీద మహాబలిపురానికి ముందు వచ్చే తమిళనాడు కోవళం. నాకూ ఆశగానే ఉంది, కాదనను.

వాడి ప్లాన్ ఏంటంటే, తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరి ఏకబిగిన తోలుకుంటూ రాత్రికి కోవళం చేరాలి, మర్నాడు పొద్దున్నే సర్ఫింగ్ క్లాసు, భోజనం చేసి సాయంత్రానికి పుదుచ్చేరి. మ్యాప్‌లో చూస్తే కోవళానికి 650 కిలోమీటర్ల దాకా చూపిస్తోంది. నాకైతే ఇది కుదిరే పనిలా అనిపించడం లేదు, కానీ ఎందుకు కుదరదో వాడికి చెప్పి ఒప్పించే అనుభవం నా దగ్గర లేదు.

ఇంకో చిక్కు, నెల. బైక్ మీద తిరిగేవాళ్ళంతా డిసెంబరు నుంచి ఫిబ్రవరి అంటారు. సర్ఫింగ్ చేసేవాళ్ళు జూన్ నుంచి సెప్టెంబరు అంటారు. రెండూ పూర్తిగా ఎదురుబొదురు. మేం సంక్రాంతి తర్వాత వెళ్ళాలా, ఆగస్టు దాకా ఆగాలా?

ఈత సంగతి కూడా చెప్పేస్తాను. ఇద్దరం గోదాట్లో ఈది పెరిగినవాళ్ళమే. సముద్రంలో మాత్రం మోకాళ్ళ లోతు దాటి ఎప్పుడూ వెళ్ళలేదు. అమ్మకి బైక్ కన్నా సముద్రం మీదే ఎక్కువ టెన్షన్. ఆవిడకి ధైర్యం చెప్పాలంటే ముందు నాకు విషయం తెలియాలి కదా. వెళ్ళొచ్చినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

---

హైవే_బాబాయ్

తమ్ముడూ, ఒక్కరోజులో 650 అనే మాట ముందు పక్కన పెట్టెయ్యండి. బండి వెళ్తుంది, దానికేం ఢోకా లేదు. మీరు నాలుగింటికి బయల్దేరినా చెన్నై పొలిమేరకి చేరేసరికి సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ అవుతుంది. పన్నెండు గంటలు బండి మీద కూర్చున్న మనిషి రెడ్‌హిల్స్ దగ్గర ఆ లారీల మధ్య క్లచ్ పట్టుకుని ఇంచ్ ఇంచ్ కదలాలి. ఆ అలసటలో చీకట్లో కొత్త ఊళ్ళో, అదీ వెనక తమ్ముణ్ణి కూర్చోబెట్టుకుని, వద్దు.

నెల్లూరులో పడుకోండి. రాజమండ్రి నుంచి నెల్లూరు సుమారు 430 కిలోమీటర్లు. నాలుగింటికి బయల్దేరితే రావులపాలెం, తణుకు, ఏలూరు మీదుగా బెజవాడలో ట్రాఫిక్ ముదరకముందే బెంజ్ సర్కిల్ దాటి వారధి ఎక్కేయొచ్చు. టిఫిన్ మాత్రం మంగళగిరి దాటాకే. చిలకలూరిపేట తర్వాత రోడ్డు తిన్నగా, వెడల్పుగా ఉంటుంది, అక్కడే యాక్సిలరేటర్ మీద చెయ్యి తెలియకుండా తిరిగిపోతుంది. కొరిశపాడు దగ్గర హైవే మీదే యుద్ధ విమానాలు దిగడానికి వేసిన కాంక్రీట్ రన్‌వే వస్తుంది, 2022 డిసెంబరులో వైమానిక దళం వాళ్ళు ట్రయల్ కూడా చేశారు. చూడ్డానికి బాగుంటుంది, కానీ ఆ నాలుగు కిలోమీటర్లలో చెట్టు నీడ అనేది ఉండదు, వీడియోల కోసం అక్కడ బండి ఆపకండి, వెనకొచ్చేవాళ్ళు చాలా స్పీడులో ఉంటారు.

ఒంగోలు దాటాక మధ్యాహ్నం పూట సముద్రం వైపు నుంచి గాలి అడ్డంగా కొడుతుంది. లారీని దాటుతున్నప్పుడు దాని చాటున గాలి ఆగిపోయి, ముందుకి రాగానే ఒక్క తోపు తోస్తుంది. హ్యాండిల్ బిగించి పట్టుకోకుండా మోకాళ్ళతో ట్యాంకుని పట్టుకోండి, దాటేటప్పుడు లారీకి వీలైనంత ఎడం ఉంచండి. సామాను ఎత్తుగా కట్టినవాళ్ళకి ఇది ఇంకా ఇబ్బంది, కాబట్టి బరువంతా సాడిల్ బ్యాగుల్లో కిందకి ఉండేలా చూసుకోండి.

నెల్లూరులో రెండింటికల్లా దిగిపోతే చేపల పులుసుతో అన్నం తిని హాయిగా నిద్రపోవచ్చు. మర్నాడు ఐదింటికి బయల్దేరండి. నాయుడుపేట, సూళ్ళూరుపేట, తడ, ఆ చల్లటి గాలిలో ఆ వంద కిలోమీటర్లు ఎలా అయిపోతాయో తెలీదు. జనవరి, ఫిబ్రవరిలో వెళ్తే సూళ్ళూరుపేట దగ్గర ఎడమకి శ్రీహరికోట రోడ్డులోకి కాస్త దూరం వెళ్ళి రండి, పులికాట్ నీళ్ళలో ఫ్లెమింగోలు కనపడే కాలం అది. ఆ మాత్రం ఆలస్యానికి పర్వాలేదు.

అసలు చిట్కా ఇక్కడుంది. చెన్నై ఊళ్ళోకి వెళ్ళొద్దు. గుమ్మిడిపూండి దాటి రెడ్‌హిల్స్‌కి ముందే ఔటర్ రింగ్ రోడ్డు తగులుతుంది, మీంజూరు నుంచి వండలూరు దాకా 62 కిలోమీటర్లు. దాన్ని పట్టుకుని వండలూరులో దిగి, జూ పక్కనుంచి కేళంబాక్కం రోడ్డు, కేళంబాక్కంలో ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) దాటగానే తిన్నగా కోవళం. మెరీనా, అడయారు, తిరువాన్మియూరు ఏవీ తగలవు. దూరం కాస్త ఎక్కువైనా మనశ్శాంతి. తమిళనాడులో అడుగుపెట్టాక వెనక కూర్చున్నవాళ్ళ హెల్మెట్ కూడా గట్టిగా చూస్తారు, తమ్ముడికి మంచిది కొనిపెట్టండి.

నెల సంగతీ, సముద్రం సంగతీ నాకు తెలీదు, తెలిసినవాళ్ళు చెప్తారు.

---

కోవళం_పొద్దున్న

మాది కాకినాడ, ఉద్యోగం ఓఎంఆర్ మీద, ఇల్లు కేళంబాక్కంలో. బాబాయ్ గారు చెప్పిన రోడ్డు నేను రోజూ తిరిగేదే, వంద శాతం అదే సరైన దారి. శనాదివారాలు పొద్దున్న నన్ను కోవళం నీళ్ళలోనే చూడొచ్చు కాబట్టి సముద్రం గురించి నేను చెప్తాను.

నెల దగ్గర మొదలుపెడదాం. మీకు రెండూ ఎదురుబొదురుగా కనిపిస్తున్నాయి గానీ, నేర్చుకునేవాళ్ళకి అవి ఎదురుబొదురు కావు. జూన్ నుంచి సెప్టెంబరు మంచి సీజన్ అనేది బోర్డు మీద నిలబడడం వచ్చినవాళ్ళ మాట. ఆ నెలల్లో దక్షిణాన, భూమధ్యరేఖకి అవతల ఎక్కడో పెద్ద గాలులు లేపిన అల వేల కిలోమీటర్లు నడిచి మన తూర్పు తీరానికి వస్తుంది. పొద్దున్నపూట నేల మీద నుంచి సముద్రం వైపు గాలి వీస్తుంది కాబట్టి ఆ అల ముఖం నున్నగా, ఎత్తుగా నిలబడుతుంది. వాళ్ళకి కావాల్సింది అదే. మొదటిసారి బోర్డు పట్టుకున్నవాళ్ళకి ఆ ఎత్తు ఎందుకు? మీరు నేర్చుకునేది ఒడ్డుకి దగ్గరలో, విరిగిపోయిన నురగ అలల మీద, నడుము లోతు నీళ్ళలో. దానికి జనవరి ఆఖరు నుంచి మార్చి దాకా ఉండే చిన్న అలలు సరిగ్గా సరిపోతాయి, బండి మీద ఎండా ఉండదు. ఫిబ్రవరిలో రండి. కచ్చితంగా వద్దు అని చెప్పేది అక్టోబరు మధ్య నుంచి డిసెంబరు దాకా. ఈశాన్య రుతుపవనాలు, తుపాన్లు, సముద్రం గజిబిజిగా ఉంటుంది, నెల్లూరు నుంచి చెన్నై దాకా రోడ్డు మీద వాన కూడా విడవకుండా పడుతుంది.

ఇక తమ్ముడి ప్లాన్. నేను గట్టిగా వద్దనేది ఇక్కడే. బండి తోలడం, సర్ఫింగ్ వేరు వేరు పనులు అనుకుంటాం. శరీరానికి మాత్రం రెండూ ఒకే చోట పట్టేస్తాయి, మెడ, భుజాలు, వీపు పైభాగం, మణికట్టు. బోర్డు మీద బోర్లా పడుకుని, మెడ ఎత్తి, రెండు చేతులతో నీళ్ళు లాగుతూ ఉండాలి. అల వచ్చి తోసినప్పుడు అరచేతులు బోర్డుకి ఆనించి ఒక్క ఊపులో లేచి నిలబడాలి. రోజంతా క్లచ్ నొక్కిన ఎడమ చెయ్యి ఆ ఊపుకి సహకరించదు. చెయ్యి సహకరించకపోతే మోకాలు ఆనించి లేస్తారు, ఆ మోకాలి అలవాటు తర్వాత మాన్పించడం చాలా కష్టం. అలసిపోయి నేర్చుకున్నది తప్పుగా నేర్చుకున్నట్టే.

కాబట్టి చేరిన రోజు నీళ్ళలోకి దిగకండి. పొద్దున్న పదింటికి కోవళం చేరి, స్నానం చేసి, పడుకుని లేచి, సాయంత్రం ఒడ్డున కూర్చుని అలలు చూడండి. అల ఎక్కడ లేస్తోంది, ఎక్కడ విరుగుతోంది, నేర్చుకునేవాళ్ళని ఎక్కడ నిలబెడుతున్నారు, కోచ్ ఎక్కడ నిలబడుతున్నాడు, అరగంట చూస్తే సగం భయం అక్కడే పోతుంది. మర్నాడు ఆరున్నరకి మొదటి క్లాసు. ఆ మర్నాడు అదే టైముకి రెండోది. రెండో క్లాసు తప్పనిసరి అని నా ఉద్దేశం, ఎందుకంటే మొదటి రోజంతా నీళ్ళు మింగడం, పడడం, లేవడంతోనే అయిపోతుంది, రెండో రోజు శరీరానికి విషయం అర్థమై ఒక్కసారైనా రెండు కాళ్ళ మీద నిలబడి ఒడ్డుదాకా వస్తారు. అది దక్కకుండా పుదుచ్చేరి వెళ్ళిపోతే ఇంత దూరం వచ్చి అసలు దాన్ని వదిలేసినట్టు. రెండో క్లాసు అయిన రోజు కూడా వెంటనే బయల్దేరకండి, మధ్యాహ్నం పడుకుని మూడున్నర తర్వాత కదిలితే చాలు. మహాబలిపురంలో కాసేపు ఆగినా చీకటి పడే వేళకి పుదుచ్చేరి చేరిపోతారు. మరక్కాణం దగ్గర రోడ్డుకి అటూ ఇటూ ఉప్పుమళ్ళు, సాయంత్రం ఎండలో తెల్లటి కుప్పలు, అక్కడ మాత్రం బండి పక్కకి తీసి ఆగండి. రోడ్డు వెడల్పు చేసే పనులు కొన్నిచోట్ల ఉన్నాయి, కంకర చూసుకోండి.

ఎవరూ చెప్పని చిన్న విషయాలు కొన్ని. బోర్డు మీద పాకడం వల్ల పొట్ట, తొడల లోపలివైపు, మోకాళ్ళు ఒరుసుకుపోతాయి, దాని మీద జీన్స్ వేసుకుని వంద కిలోమీటర్లు కూర్చుంటే నరకం. ఒంటికి పట్టి ఉండే ఫుల్ హ్యాండ్స్ టీషర్టు, మోకాలు దాటే షార్ట్ తెచ్చుకోండి, బండి మీదకి వదులుగా ఉండే కాటన్ ప్యాంటు ఒకటి పెట్టుకోండి. మెడ వెనక ఎండకి మాడితే హెల్మెట్ పట్టీ, జాకెట్ కాలరు తగిలినప్పుడల్లా మంట, నీళ్ళలోకి దిగేముందే సన్‌స్క్రీన్ రాయండి. చెవిలో నీళ్ళు పూర్తిగా పోయాకే హెల్మెట్ పెట్టుకోండి.

కోవళం గురించి ఒక్క మాట. ఇక్కడ సర్ఫింగ్ రిసార్టుల వాళ్ళు తెచ్చింది కాదు. ఈ ఊరి జాలరి మూర్తి మేగవన్ 2012లో మొదలుపెట్టిన స్కూలుతో ఊరి పిల్లలు కోచ్‌లయ్యారు, పోటీలకి వెళ్ళారు. పక్కనే మహాబలిపురంలో 2025 ఆగస్టులో ఆసియా సర్ఫింగ్ చాంపియన్‌షిప్స్ జరిగితే మన దేశం తరఫున రమేశ్ బుదిహాల్ కాంస్యం గెలిచాడు. కాబట్టి మీకు నేర్పే కుర్రాడు పుట్టినప్పట్నుంచి ఈ నీళ్ళనే చూస్తున్నవాడు అయ్యుంటాడు, ఇవాళ వద్దు అంటే వద్దనే అర్థం. వలలు ఆరేసిన చోట, పడవలు లాగే చోట బోర్డులతో అడ్డం తిరగకండి, అది వాళ్ళ పని చేసుకునే చోటు.

---

భీమిలి_కెరటం

అన్నీ బాగా చెప్పారు. ఈత గురించి నేను కలుపుతాను.

గోదాట్లో ఈత వచ్చినవాళ్ళకి ఊపిరి, ధైర్యం ఉంటాయి, అది నిజమైన బలమే. కానీ నదిలో నీరు ఎటు పోతుందో కంటికి కనిపిస్తుంది. సముద్రంలో ఒడ్డుకి కొట్టిన నీరంతా తిరిగి లోపలికి పోవడానికి ఒక సన్నటి దారి చేసుకుంటుంది, అదే రిప్ కరెంట్. పైనుంచి చూస్తే అక్కడ అలలు విరగవు, ప్రశాంతంగా కనిపిస్తుంది, తెలియనివాళ్ళు సరిగ్గా అక్కడే దిగుతారు. మా విశాఖ ఆర్కే బీచ్‌లో పోయిన ప్రాణాల్లో చాలా వాటికి కారణం ఇదే. అందులో చిక్కితే ఒడ్డుకేసి ఎదురీదకూడదు, ఎంత ఈతగాడైనా అలసిపోతాడు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది ఆ పాయలోంచి బయటపడి, అప్పుడు అలలతో పాటు ఒడ్డుకి రావాలి. బోర్డు ఉంటే దాన్ని వదలకూడదు, చీలమండకి కట్టిన తాడు ఉన్నంతవరకు మీ చేతిలో తేలే వస్తువు ఉన్నట్టే. అమ్మగారికి ఇది చెప్పండి, క్లాసులో కోచ్ పక్కనే ఉంటాడని, లోతు నడుము దాటదని కూడా చెప్పండి.

ఇంకోటి, వీలైతే వెళ్ళేముందు ఒక ఆదివారం విశాఖ వచ్చి రుషికొండలో ఒక క్లాసు చేసుకోండి. ఇక్కడా నేర్పేవాళ్ళున్నారు. మీకు 200 కిలోమీటర్లే, సామానంతా కట్టుకుని వస్తే బండికీ ట్రయల్ అవుతుంది.

బయల్దేరే వారం ఇన్‌కాయిస్ సైట్ చూడండి, హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఉన్న కేంద్ర సముద్ర సమాచార సంస్థే. అల ఎత్తు, ఉప్పెన హెచ్చరికలు తీరం వారీగా ఇస్తారు.

---

చెన్నై_ట్విన్స్

నేను కాస్త విభేదిస్తాను. ఆగస్టుని అంత తేలిగ్గా కొట్టేయొద్దు. ఆ నెలలో కోస్తాలో ఎండ మే నెలంత ఉండదు, తెల్లవారుజామున బయల్దేరి పదకొండుకి ఆపేస్తే రైడ్ బాగానే సాగుతుంది. చెన్నై వైపు వాన ఎక్కువగా సాయంత్రాలే. పైగా అసలైన అల ఎలా ఉంటుందో ఒడ్డున నిలబడి చూసినా చాలు, ఆ అనుభవం ఫిబ్రవరిలో రాదు. పొడి కాలమే కావాలంటే ఫిబ్రవరి, సముద్రం చూడాలంటే ఆగస్టు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మాత్రం ఎలాగూ రాకండి. రోహిణి కార్తె ఎండ ఒకటి, తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ఇంకొకటి. పెద్ద బోట్లు కదలవు, చేప తక్కువ, రేటు ఎక్కువ.

---

గోదారోడు_350

అందరికీ చాలా థాంక్స్. ఇదంతా తమ్ముడికి చదివి వినిపించాను, ఒక్కరోజు ప్లాన్ వాడే కొట్టేశాడు. నెల్లూరులో ఒక రాత్రి, కోవళంలో రెండు రాత్రులు, తర్వాత పుదుచ్చేరి, అలా రాసుకున్నాం. ఫిబ్రవరే ఖాయం చేస్తున్నాం, అమ్మ ఆగస్టు పేరెత్తనివ్వడం లేదు.

బండి గురించి అడగడం మర్చిపోయాను. రెండు మూడు రోజులు సముద్రం పక్కన ఉంచితే ఏమైనా అవుతుందా? నీళ్ళలోకి వెళ్ళినప్పుడు తాళం ఎక్కడ పెడతారు? ట్యూబ్ టైర్ పంచరైతే?

---

స్పోక్‌వీల్

తాళం స్కూల్ వాళ్ళకి ఇవ్వండి, ఫోన్లు, పర్సులు పెట్టుకోవడానికి చోటు ఉంటుందో లేదో బుక్ చేసేటప్పుడే అడగండి. ఒంటి మీద మాత్రం వద్దు, షార్ట్ జేబులో పెట్టుకున్న తాళం మొదటి అలకే పోతుంది. రెండో తాళం ఇంట్లో వదిలేయకుండా బ్యాగులో వేరే చోట పెట్టుకోండి.

ఉప్పుగాలికి ముందు దెబ్బతినేది చెయిన్. నెల్లూరులో ఒకసారి, కోవళం వదిలే ముందు ఒకసారి శుభ్రంగా తుడిచి లూబ్ కొట్టండి, మామూలుగా 500 కిలోమీటర్లకోసారి కొట్టేదే, సముద్రం పక్కన ఇంకా ముందే కొట్టాలి. ఒడ్డున ఇసుకలో బండి నిలిపితే సైడ్ స్టాండ్ దిగబడి తెల్లారేసరికి పడిపోయి ఉంటుంది, చదునైన రాయో చెక్కముక్కో స్టాండ్ కింద పెట్టండి, అసలు గట్టి నేల మీద, సముద్రానికి రెండు వీధులు లోపల పెట్టడం మేలు. తడి కాళ్ళతో, ఇసుక చేతులతో బండెక్కకండి, ఆ ఇసుక క్లచ్ కేబులు మొదట్లోకి చేరి పట్టు బిగిసిపోతుంది. ఇంటికొచ్చాక మంచినీళ్ళతో కడగండి, స్పోకుల మొదళ్ళు, సైలెన్సర్ కింద భాగం, స్టాండ్ స్ప్రింగు వదలొద్దు.

పంచర్‌కి: ముందుకీ వెనక్కీ సైజులు వేరు, రెండిటికీ ఒక్కో కొత్త ట్యూబ్ పెట్టుకోండి. వెనక చక్రం విప్పడానికి సరిపోయే స్పానర్లు, టైర్ లివర్లు, చిన్న పంపు. హైవే మీద పంచర్ షాపులు దొరుకుతాయి, కానీ మీ సైజు ట్యూబ్ ఉంటుందని గ్యారంటీ లేదు, మీ దగ్గర ట్యూబ్ ఉంటే ఎవరైనా వేసిపెడతారు. ఇద్దరు, సామాను కాబట్టి వెనక టైర్‌లో గాలి మాన్యువల్‌లో ఇద్దరికి రాసినంత పెట్టించండి, అదీ పొద్దున్న టైరు చల్లగా ఉన్నప్పుడు. 13 లీటర్ల ట్యాంకు, నెల్లూరులో నింపుకుంటే కోవళం దాకా చూసుకోనక్కర్లేదు. హైవే టోల్ గేట్లలో టూవీలర్‌కి టోల్ లేదు, ఎడమ చివర సన్న దారి ఉంటుంది, అందులో ఇసుక పేరుకుని ఉంటుంది కాబట్టి ముందు బ్రేకు గట్టిగా పట్టకండి.

---

కోవళం_పొద్దున్న

ఫిబ్రవరి అంటే మంచి నిర్ణయం. వీకెండ్ తగలకుండా చూసుకోండి, శనివారం వస్తే చెన్నై సగం ఇక్కడే ఉంటుంది, ఒక్కో కోచ్‌కి ఎక్కువమంది పడతారు. మంగళ, బుధవారాలైతే కోచ్ మీ ఇద్దరితోనే గడుపుతాడు. బుక్ చేసేటప్పుడు మెత్తటి పెద్ద బోర్డు, ఎనిమిది అడుగులకి తగ్గకుండా, కావాలని అడగండి, తమ్ముడు ఎంత గట్టిగా చిన్న బోర్డు అడిగినా ఇప్పించకండి.

చేరాక ఇక్కడ ఒక మెసేజ్ పెట్టండి, ఆ రోజు అల ఎలా ఉందో పొద్దున్నే చూసి చెప్తాను.